నిశ్శబ్దానికి చాటింపు

కోదాడలో ఒక ఉదయం జనమంతా నిశ్శబ్దంగా ఉండాలని నేను డప్పు కొట్టించి చాటించాను. నేను చేసిన తెలివితక్కువ పనులను వరసపెడితే దానికి ముందు వరసలోనే చోటు దొరుకుతుంది. చాటింపు అనేది ఒక కులం నెత్తిన రుద్దిన వెట్టి అనీ, అక్షరం వచ్చిన ఊళ్ళో నోటీసు అతికిస్తే చాలుననీ అంతకు రెండు నెలల ముందే సూర్యాపేట గ్రంథాలయంలో గంటసేపు వాదించినవాణ్ణి. మా తాత డప్పు కొట్టినవాడే. మిషన్‌లో చేరిన రోజున మా నాన్న ఆ డప్పును దూలానికి వేలాడదీసి మళ్ళీ దించలేదు. ఆ ఇంట్లో పుట్టి, ఆ మాటలు మాట్లాడి, చివరికి డప్పు మనిషిని నేనే వెతుక్కుంటూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో చెప్పాలంటే మిర్యాలగూడ దాకా వెనక్కి పోవాలి.

మా నాన్న మిర్యాలగూడ మిషన్ బంగళాలో తోటపని చేసేవాడు. ఆ బంగళాలో ఒక ఇంగ్లీషు ఆవిడ ఉండేది. ఆడపిల్లల బడి నడిపేది. అందరూ ఆమెను దొరసాని అనేవారు. దొర అనే మాటే నాకు గిట్టదు కనుక నేను అమ్మగారు అనేవాణ్ణి. ఆమె వెంట వచ్చిన పియానోను రెండు వర్షాకాలాల్లో చెదలు తినేశాయి. మిగిలింది ఒక మడిచే కాలి హార్మోనియం, ఒక సెల్లో. సెల్లో అంటే మనిషి కూర్చుని మోకాళ్ళ మధ్య ఆనించుకుని కమానుతో వాయించేది. కాంపౌండులో వాళ్ళు దాన్ని పెద్ద ఫిడేలు అనేవారు. నాకు పదకొండేళ్ళప్పుడు చేతులు పొడుగ్గా ఉన్నాయని చూసి ఆమె దాన్ని నా ముందు నిలబెట్టింది. అప్పటినుంచి ఆమె నాతో ఎక్కువసార్లు అన్న మాట ఒకటే: "నీవు పరుగెడుతున్నావు."

నిజమే. నేను దేనికైనా పరుగెత్తేవాణ్ణి. అన్నం పరుగున తినేవాణ్ణి, ఎదుటివాడి వాక్యం పూర్తికాకముందే జవాబు చెప్పేవాణ్ణి. ఇరవయ్యో ఏట నాకు దేవుడితో చెడింది. పాదిరిగారు మా నాన్నను పిలిపించి కొడుకును అదుపులో పెట్టుకోమన్నారు. కాంపౌండంతా గుసగుసలు. అమ్మగారు మాత్రం నన్ను ఒక్కటే అడిగింది, శనివారం వాయించడానికి వస్తానా రానా అని. వస్తానన్నాను. దేవుడి సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు. సూర్యాపేట బడిలో ఉపాధ్యాయుడినయ్యాక కూడా బస్సు దొరికిన ప్రతి శనివారం మిర్యాలగూడ వెళ్ళేవాణ్ణి. రాజ్యం మారిన ఏడాది బస్సులు దొరకని నెలలున్నాయి. అప్పుడు సైకిల్ మీద వెళ్ళాను.

ఆమె రేకు పెట్టెలో వేపాకుల మధ్య ఒక కాగితాల కట్ట ఉండేది. చేతిరాతలో ఉన్న సంగీతం అది. రాసింది ఆమె గురువు, ఇంగ్లండులో ఒక చిన్న ఊరి ఆడమనిషి. సభలో వందమంది కూడి వాయించే సంగీతం కాదు, ఒక గదిలో ఇద్దరు, ముగ్గురు, నలుగురు కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూస్తూ వాయించుకునేది. వయసులో ఉన్నప్పుడు ఆ గురువు ఆ కాగితాలను అచ్చువేసేవాళ్ళకు పంపింది. ఆడవాళ్ళు జోలపాటలు రాసుకుంటే అందంగా ఉంటుంది కదా అని తిరిగి పంపించారు. ఇంకొకచోటికి పంపింది. వాళ్ళూ అదే మాట మర్యాదగా రాశారు. మూడోచోటికి పంపలేదు. సెల్లోకూ పియానోకూ కలిపి రాసిన మూడు భాగాల రచన ఒకటి ఆ కట్టలో ఉంది. వాయిస్తానన్నవాడు ఈ వారం వచ్చే వారం అంటూ చివరికి మానేశాడు. అంటే అది రాసిన మనిషే దాన్ని ఒక్కసారీ వినలేదు. కాగితం మీద చూసుకుంది, అంతే.

ఈ కథ మొదటిసారి విన్న రోజున నాకు నిద్ర పట్టలేదు. బాలవితంతువుల గురించి, ఆడపిల్లల చదువు గురించి ఊరూరా అరుస్తున్నవాణ్ణి నేను. తెల్లవాళ్ళ దేశంలో ఆ జబ్బు లేదనుకున్న వెర్రివాణ్ణి కూడా నేనే. ఆ రచనను ముందు సూర్యాపేటలో వినిపించాలని పట్టుపట్టాను. అమ్మగారు నవ్వి ఒప్పుకుంది. గ్రంథాలయంలో ఏడుగురు వచ్చారు. వాళ్ళలో ఒకరు గ్రంథాలయం తాళం వేసే మనిషి. వాయించడం అయ్యాక నాతో ఎప్పుడూ వాదించే వకీలు గుమాస్తా ఒకాయన లేచి, చేతులు కట్టుకుని అడిగాడు.

"రెండొందల ఏండ్లు నెత్తి మీద కూసున్నోళ్ళు ఇప్పుడిప్పుడే పోయిండ్రు. వాళ్ళే వద్దని పారేసిన దాన్ని నువ్వు ఏరుకొచ్చి మాకు వినిపిస్తవా?"

అందరూ నవ్వారు. పారేసినవాళ్ళు వేరు, పారేయబడ్డ మనిషి వేరు అని నేను మొదలుపెట్టాను. ఏలినవాళ్ళ దేశంలో కూడా ఏలబడ్డవాళ్ళు ఉంటారని, వాళ్ళలో సగం మంది ఆడవాళ్ళని, ఇంకా చాలా చెప్పాను. ఆయన ఆవలించాడు. ఆ ఆవలింత నన్ను చాలా రోజులు వెంటాడింది.

ఆ వేసవికి అమ్మగారి కొలువు ముగుస్తున్నది. జూన్‌లో బొంబాయి నుంచి ఓడ. అప్పటికే ఆమె చెవులు మందగించాయి. పియానో వంతును హార్మోనియం మీద వాయించేటప్పుడు నా పాట వినడం మాని నా కమానును చూస్తూ వాయించేది. గురువుకు తొంభై దాటాయి. మంచం పట్టింది కానీ చెవులు బాగానే ఉన్నాయని ఉత్తరం వచ్చింది. అమ్మగారు ఆ ఉత్తరం మడిచి, తాను వెళ్ళేటప్పుడు ఆ రచనను గ్రామఫోను ప్లేట్ల మీద పట్టి తీసుకుపోతానన్నది. ఇంగ్లండు చేరాక అక్కడెవరినైనా వెతికి వాయింపించేదాకా ఆ ప్రాణం ఆగుతుందో ఆగదో. "ఆమె పోకముందు ఒక్కసారి వినాలి. అంతే నాయనా," అన్నది.

అంతే అనడం సులువు. మొదట తీగ తెగింది. సెల్లో తీగల్లో లావుది, అడుగు గొంతు పలికేది. అలాంటి తీగ మద్రాసులో కూడా దొరకదన్నారు. నేను సూర్యాపేట వీధిలో విసుగ్గా నడుస్తుంటే దూదేకుల సాయిబు ఇంటి అరుగు మీద విల్లు పట్టుకుని దూది ఏకుతున్నాడు. ఆ విల్లు నరం మోగుతున్నది. ఆ మోత విని ఆగిపోయాను. మేకపేగు నరమే అది, మా తీగా పేగుదే. కావలసిన లావు చెప్తే సాయిబు మూడు పేగులు మెలిపెట్టి, ఎండలో లాగి కట్టి, నాలుగో రోజుకు నరం తయారుచేసి ఇచ్చాడు. "నా విల్లు దూదిని ఏకుతది. నీది దేన్ని ఏకుతది సారూ?" అని అడిగాడు. మనుషుల్ని అన్నాను. అయితే జాగ్రత్త, ఎక్కువ ఏకితే చెదిరిపోతరు అన్నాడు.

కమానుకు రుద్దే బంకరాయి అయిపోతే కిరాణా కొట్టులో గుగ్గిలం కొన్నాను. కొట్టు సేటు నన్ను ఎగాదిగా చూసి, ధూపం వేస్తున్నవా, ఇగ దారిలో పడ్డవన్నమాట అన్నాడు. కాదు, ఫిడేలుకు అన్నాను. ఆయన నమ్మలేదు. నేను దేవుణ్ణి చాటుగా మొక్కుతున్నానని వారం రోజులు పేటలో వార్త.

పాటను గీతలుగా ప్లేటు మీద కోసే యంత్రం బెజవాడ మనిషి ఒకాయన దగ్గర ఉంది. సినిమా మొదలయ్యేముందు వినిపించే సబ్బుల ప్రకటనలు, నాటకాల పద్యాలు పట్టుకుంటూ టూరింగ్ టాకీసు వెంట తిరిగేవాడు. ఆ ఏప్రిల్‌లో టాకీసు డేరా కోదాడలో వేశారు. రాత్రిళ్ళు బొమ్మ, పగలు డేరా ఖాళీ. కరెంటుకు టాకీసు ఇంజనే ఉంది. దాని మోత అందకుండా నూరు గజాల అవతలికి తోయించి వైరు లాగుతానన్నాడు. ఖాళీ ప్లేట్లు మాత్రం మూడే మిగిలాయి. ఒక్కొక్కటికి రెండు వైపులు. భాగానికి ఒక ప్లేటు, సరిగ్గా సరిపోతుంది. తప్పు పోతే మళ్ళీ వాయించడానికి నాలుగోది లేదు. కోసిన ప్లేటు మీద సూది పెట్టి వింటే అరుగుతుంది కనుక మేము వినడం కూడా కుదరదు. ఆ అరుగుదలంతా ఆ ముసలావిడ చెవులకోసం దాచిపెట్టాలి.

సూర్యాపేట బస్సులో సెల్లోను బొంతలో చుట్టి మధ్య సీటులో కూర్చోబెట్టాను. అమ్మగారు ముందు సీటులో, కాళ్ళ దగ్గర మడిచిన హార్మోనియం. కండక్టరు వచ్చి బొంతను చూసి గొంతు తగ్గించాడు.

"ముసలమ్మకు పాణం బాగలేదా? దవాఖానకా?"

నేను వాద్యం గురించి, దాని పుట్టుక గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన మధ్యలోనే వెళ్ళిపోయాడు. దిగేదాకా ఆ సీటుకు ఎవరి మోచేయీ తగలకుండా కాపలా కాశాడు. మునగాల అప్పట్లో మద్రాసు కింది పరగణా. రాజ్యం మారినా దారిలో సుంకం నాకాలు మారలేదు. నాకా గుమాస్తా బొంత విప్పించి, తన పట్టీలో ఆ వస్తువు పేరు లేదని చాలాసేపు పరేషానయ్యాడు. చివరికి పెద్ద సారంగి అని రాసుకున్నాడు. కోదాడ ముందు రెండో నాకాలో ఇంకో గుమాస్తా దాన్ని కొట్టేసి చిన్న వీణ అని రాశాడు. నాకు ఒళ్ళు మండింది కానీ అమ్మగారు మోచేత్తో పొడిచింది.

కోదాడలో యంత్రం ఆయన మమ్మల్ని డేరాలో కూర్చోబెట్టి చిన్న వాయింపు వినగానే చెవుల గొట్టాలు తీసేశాడు. కమ్మరి కొలిమి సమ్మెట, బండ్ల అడ్డా మీది కేకలు, కోళ్ళు, అన్నీ మా పాటకంటే ముందే వినబడుతున్నాయట. "ఊరిని ఒక గంట నోరు మూయించగలిగితే చెప్పండి మేష్టారూ, లేకపోతే నా ప్లేట్లు దండగండీ," అన్నాడు. మరునాడు పొద్దున ముహూర్తం అనుకున్నాం. ముహూర్తం అనే మాట ఆయనది, నాది కాదు.

ఒక్క సాయంత్రంలో ఊరికంతటికీ కబురు చేరాలంటే ఉన్న దారి ఒకటే. డప్పు పెద్దాయన ఇంటికి వెళ్ళాను. అరవై ఏళ్ళుంటాయి. నా తాత పేరు చెప్పకముందే మాటలనుబట్టి నన్ను తమవాడిగా పోల్చుకున్నాడు. వెట్టిగా కాదు, కూలి ఇచ్చి చేయించుకుంటున్నానని రెండుసార్లు చెప్పాను, ఆయన అడగకుండానే. చాటవలసిన మాటలు నేనే కూర్చాను. కారణం చెప్తే జనం తప్పక సహకరిస్తారని నా నమ్మకం. రేపు పొద్దున టాకీసు డేరాలో శబ్దాన్ని ప్లేటులో బంధించే శాస్త్రీయ ప్రయోగం జరుగుతుంది, కనుక చుట్టుపక్కల ఎవరూ చప్పుడు చేయరాదు. ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చెప్పించుకుని, డప్పును మంట మీద కాచుకుంటూ అన్నాడు:

"సప్పుడు సెయ్యొద్దని సప్పుడు సేసి సెప్పాలె. అంతేనా సారూ?"

అంతే అన్నాను. నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు వస్తున్నది.

పొద్దున మేము డేరాకు వెళ్ళేసరికి కోదాడ సగం అక్కడే ఉంది. కమ్మరి సమ్మెట ఆపాడు, నిజమే. ఆపి తానూ వచ్చాడు. చల్ల కుండలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు, బండ్లు విప్పేసి బండివాళ్ళు. శబ్దాన్ని బంధిస్తారంటే చూడకుండా ఎవరుంటారు? ఈ చిన్న సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు. ఇంత జనం బయట గుసగుసలాడితే చాలు, ప్లేటు నాశనం. నేను ఒక డబ్బా ఎక్కి ఉపన్యాసం మొదలుపెట్టాను. శబ్దం అంటే గాలి కదలిక అని, ఇందులో మంత్రం లేదని, ఎవరి ప్రాణమూ ప్లేటులోకి పోదని. ఎవరి ప్రాణమైనా పోతుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. నేను అన్నాక ఇద్దరు పిల్లతల్లులు వెనక్కి జరిగారు. ఎండ ఎక్కుతున్నది. యంత్రం ఆయన డేరాలోంచి తల బయటపెట్టాడు.

"మేష్టారూ, ప్లేట్ల మీది పూత మెత్తబడుతుందండీ. మీరు దిగితే నేను సూది దించుతాను."

అప్పుడు అమ్మగారు బయటికి వచ్చి జనంతో అన్నది: "లోపలికి వచ్చి కూర్చోండి. చెట్టు కింద పిట్టను చూస్తే ఎట్లా ఉంటారో అట్లా ఉండండి." వచ్చి కూర్చున్నారు. నేల టికెట్టు చోటంతా నిండింది. అంత నిశ్శబ్దం నేను ఏ సభలోనూ చూడలేదు. గాజులు మోగుతాయని ఆడవాళ్ళు చేతులు చీరకొంగుల్లో చుట్టుకున్నారు.

మొదటి ప్లేటు బాగా పట్టింది. తిరిగే ప్లేటు మీద సూది గీస్తుంటే తలవెంట్రుక లాంటి నల్లటి పోగు పైకి లేచేది. ఆయన దాన్ని చిన్న కుంచెతో తోసేవాడు. రెండు వైపులూ అయ్యాయి. నా చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. సాయిబు నరం ఉక్కకు సాగితే బిరడా తిప్పి మళ్ళీ శ్రుతి చేశాను.

రెండోది మెల్లని భాగం. అందులో సెల్లో చాలాసేపు అడుగు గొంతులోనే ఉంటుంది. పైకి రెండు మెట్లు ఎక్కుతుంది, దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. మొదటి వైపు సాఫీగా పోయింది. ప్లేటు తిప్పి రెండో వైపు మొదలుపెట్టి కొంచెం దూరం పోయామో లేదో జనం మధ్యలోంచి ఒక గొంతు లేచింది. ముసలి గొంతు. మొదట గొణుగుడు అనుకున్నాను. కాదు. రాగం తీసి ఏడుపు. చచ్చినవాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళు ఏడ్చే తీరు. కొడుకా అని మొదలుపెట్టి, వాడు కట్టిన రుమాలు, వాడు తొక్కిన గట్టు, ఒక్కొక్కటి వరసగా చెప్పుకుంటూ. నా పాట ఎక్కినచోట ఎక్కుతున్నది, దిగినచోట దిగుతున్నది.

ఆపలేను. ఆపితే ప్లేటు పోతుంది. యంత్రం ఆయన రెండు చేతులూ గాలిలో ఎత్తి ఉండిపోయాడు. అమ్మగారికి ఆ గొంతు వినబడలేదు. ఆమె చూపు నా కమాను మీదనే ఉంది. నాకు ఒకటే ఆలోచన, ఎంత తొందరగా ముగిస్తే అంత తక్కువ చెడుతుంది. కమాను వేగం పెంచాను. అమ్మగారు నన్ను చూసి తానూ పెంచింది. ఇద్దరం పరుగెత్తి చివరికి చేరాం. ఆ గొంతు మాత్రం పరుగెత్తలేదు. మేము ఆగాక కూడా కాసేపు నడిచి, తన చోటికి తాను చేరి ఆగింది.

సూది ఎత్తాక యంత్రం ఆయన్ను అడిగాను, ఏడుపు పడిందా అని. "నిక్షేపంగా పడిందండీ. మీకంటే బాగా పడింది," అన్నాడు.

నేను మిగిలిన ప్లేటు చూపించి, జనాన్ని బయటికి పంపి ఆ భాగం మళ్ళీ వాయిద్దామన్నాను. అమ్మగారి చెవి దగ్గర నోరు పెట్టి జరిగింది చెప్పాను. ఆమె అడిగింది, అయితే మూడో భాగం ఎక్కడ పడుతుంది అని. పడదన్నాను. రెండు భాగాలైనా శుభ్రంగా వెళ్ళాలి కదా అన్నాను.

"ఆమె మూడు భాగాలు రాసింది నాయనా. మూడూ వినలేదు. శుభ్రత నీకు కావాలి, ఆమెకు కాదు."

వాదించాను. కళ అంటే ఏమిటో, జాగ్రత్త అంటే ఏమిటో. ఇన్నేళ్ళు ఎవరూ పట్టించుకోని రచన మొదటిసారి లోకంలోకి పోతుంటే ఎవరో ముసలమ్మ ఏడుపుతో పోవాలా? ఆమె హార్మోనియం మెట్ల మీద వేళ్ళు పెట్టుకుని కూర్చుంది. చివరికి మూడోది వాయించాం. అది వేగంగా పోయే భాగం, అందులో నా జబ్బు ఎవరికీ తెలియలేదు.

జనం పోయాక డప్పు పెద్దాయన డేరా గుంజ దగ్గర నిలబడి ఉన్నాడు. ఏమనుకోవద్దు, ఆమె మా వదినె అన్నాడు. మోతెలో ఉంటుందట, కోదాడకు బిడ్డ ఇంటికి వచ్చిందట. నేను కోపం ఆపుకోలేదు. చాటింపు వేసినవాడి ఇంటి మనిషే నోరు తెరిస్తే ఊరిని ఏమనాలి అన్నాను. ఆయన తల ఎత్తి నన్ను నిమ్మళంగా చూశాడు.

"నేను సాటింది సప్పుడు సెయ్యొద్దని బిడ్డా. ఏడ్వొద్దని సాటలే. ఎవరో ఒక్కలే ఏడుస్తున్నరనుకున్నది. పక్కన కూసోని కూడ ఏడ్వకుంటే మర్యాద ఎట్లయితది?"

ఏడ్చింది మనిషి కాదు, పేగు నరం అన్నాను. ఆయన ఇంకో సంగతి చెప్పాడు. రెండేళ్ళ కింద, రాజ్యం మారినప్పటి గడబిడల్లో ఆమె కొడుకు ఇంట్లోంచి పోయి మళ్ళీ రాలేదు. శవమూ రాలేదు. శవం లేని ఇంటికి ఏడవడానికి ఎవరూ రారు. ఆమె ఒక్కతే మొదలుపెట్టలేదు, అదీ మర్యాద కాదు. అట్లా రెండేళ్ళు.

శవాల దగ్గర రాగాలు తీయడం వట్టి నాటకమని నేను ఒక వ్యాసం రాశాను. ఆ వ్యాసం గ్రంథాలయంలో చదివి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. బొంత చుట్టుకుని బస్సెక్కాను.

జూన్‌లో అమ్మగారు వెళ్ళిపోయింది. ప్లేట్లను మూడు తువ్వాళ్ళలో చుట్టి పరుపు మధ్యలో పెట్టుకుంది. సెల్లో నాకు వదిలేసింది. ఆ నాలుగైదు నెలలు నాకు ఎక్కడా కాలు నిలవలేదు. టపా మనిషి వచ్చే వేళకు బడి వదిలి గేటు దగ్గర నిలబడేవాణ్ణి. ఓడలో ప్లేట్లు పగిలాయో, చేరేసరికి ఆ ముసలావిడ ఉందో లేదో. చేరినా రెండో ప్లేటు విని ఏమనుకుంటుందో. నా దేశం గురించి, నా పని గురించి. వకీలు గుమాస్తా రోజూ అడిగేవాడు, నీ లండన్ తీర్పు వచ్చిందా అని. సభల్లో ఇదివరకటికంటే గట్టిగా అరిచాను. రెండు చోట్ల రాళ్ళు పడ్డాయి.

వరి కోతల వేళకు ఉత్తరం వచ్చింది. తెలుగులో, ఆమె పెద్ద పెద్ద అక్షరాలతో. ప్లేట్లు మూడూ పగలకుండా చేరాయి. ముసలావిడ బతికే ఉంది. మంచం పక్కన గ్రామఫోను పెట్టి వినిపించారు. మొదటి ప్లేటుకు ఏమీ అనలేదు. మూడోదానికి నవ్వింది, ఇంత అల్లరిగా రాశానా అని. రెండోది మూడుసార్లు పెట్టించుకుంది. తరువాత ఏమన్నదో అమ్మగారు ఇట్లా రాసింది: "సెల్లో వాయించిన అబ్బాయి పరుగెత్తాడు అన్నది. ఆ రెండో ఆమె నడకే నేను రాసిన నడక అన్నది. ఆమె ఎవరు, ఆమెకు నా కృతజ్ఞత చేరాలి అన్నది."

నేను ఆ ఉత్తరం గేటు దగ్గరే నిలబడి నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. ఎవరైనా సరే, అంత ఏడుపు మధ్య వాయించి చూడమనండి. నాలుగోసారికి కోపం ఎవరిమీదో తెలియలేదు. వకీలు గుమాస్తాకు ఉత్తరం చూపించలేదు. మరునాడు మోతె వెళ్ళాను.

ఆమె గుడిసె ముందు కూర్చుని చేటతో వడ్లు చెరుగుతున్నది. చాలా చిన్న మనిషి. నన్ను గుర్తుపట్టింది. ఉత్తరం విప్పి చదివాను, అర్థమయ్యే మాటల్లో మళ్ళీ చెప్పాను. సముద్రం అవతల ఒక ముసలామె, మంచంలో, నీ గొంతు విన్నది, నీకు దండం చెప్పమన్నది అని. ఆమె చేట ఆపలేదు.

"ఆమెకు పిల్లలున్నరా?"

"లేరు."

"మరి ఎవరికోసం గట్ల రాసింది?"

నాకు తెలియదన్నాను. ఆ మాట నేను సభల్లో ఎప్పుడూ అనలేదు. ఆమె ఊక ఊది, నా వంక చూడకుండా అన్నది: "నువ్వు ఉరికినవ్ బిడ్డా. నేనొచ్చి పక్కన కూసుంటే నన్నిడిసిపెట్టి ఉరికినవ్."

నేను ఏదో చెప్పబోయాను. ప్లేటు గురించి, పూత గురించి, ఎండ గురించి. మూడూ నిజాలే. చెప్పలేదు. మళ్ళీ వాయిస్తే వింటావా అని అడిగాను. ఆ పెద్ద దాన్ని తెచ్చినవా అన్నది. తేలేదు. అయితే తెచ్చుకోపో అన్నది.

రెండు రోజులకు బొంతలో చుట్టుకుని తెచ్చాను. ఆమె ముందు ఇంకో చేట వడ్లు ఉన్నాయి. నేను మెట్టు మీద కూర్చుని రెండో భాగం మొదలుపెట్టాను. హార్మోనియం లేదు, సాయిబు నరం ఒక్కటే. ఆ రోజు ఆమె ఏడవలేదు. వడ్లు చెరుగుతూనే ఉంది, చేట పైకి ఎగరేసి, ఆగి, కిందికి. మొదట నేను గమనించలేదు. కొంత దూరం పోయాక తెలిసింది, నేను తొందరపడ్డ చోటల్లా చేట ఆగిపోతున్నది. వెనక్కి తగ్గి నడకలోకి వస్తే మళ్ళీ వడ్లు ఎగురుతున్నాయి. ఆ భాగం చివరిదాకా పోవడానికి ఆ పూట చాలాసేపు పట్టింది.